తీగసీమలో రుచిదొర

పొద్దు ఇంకా కొండ దాటలేదు. తీగసీమ మాత్రం అప్పుడే తలంటుకుని, ఉతికిన బట్ట కట్టుకుని, అతిథి కోసం గుమ్మంలో నిలబడింది.

మణిమంత రాజ్యానికి దక్షిణాన, రెండు కొండల వరసల నడుమ పరుచుకున్న సీమ అది. అక్కడ వరి లేదు, జొన్న లేదు. కనుచూపు మేర రాతి కూసాల మీద అల్లుకున్న ద్రాక్షపందిళ్ళు, పందిళ్ళ కింద ఎర్రమట్టి బాటలు, బాటలకు ఇరువైపులా సున్నం పూసిన గోడలు, గోడల మీద జేగురుతో గీసిన గుత్తులు. మంచులో నానిన ఆకుల అంచులు తొలి ఎండకు తళతళమంటున్నాయి. ప్రతి పెరట్లోనూ భూమిలో మెడదాకా పాతిన మట్టిబానలు, వాటి మూతులకు కట్టిన పసుపు గుడ్డలు, గుడ్డల మీద గుప్పెడు బంతిరేకులు. బానల్లోంచి తేలివచ్చే ద్రాక్షాసవపు వాసనకు తుమ్మెదలు దారి తప్పి గోడలకు కొట్టుకుంటున్నాయి. ఏడాదికొకసారి వచ్చే కొత్తబాన పండుగ ఆ రోజు.

ఇంత శోభ మధ్యనుంచి ఒక పల్లకి వస్తోంది. అందులో కూర్చున్నవాడికి ఈ శోభలో వీసమెత్తు కూడా పట్టలేదు.

ఎవరతను? ఆ సీమలో ఎవరినడిగినా చెబుతారు. తెల్లని గడ్డం, ఎర్రని తలపాగా, వేలికి రాజముద్ర ఉంగరం: ఇంకెవరు, రుచిదొర శంఖపాలుడు! ఏటా ఈ ఒక్కరోజు ఊరూరా తిరిగి, బాన బానకూ గుక్కెడు రుచి చూసి, దాని మంచిచెడ్డలు తేల్చేది ఆయనే. వాళ్ళ మాట అది. పాఠకులకు అబద్ధం చెప్పడం నాకు చేతకాదు కనుక అసలు సంగతి విప్పేస్తాను. ఆ గడ్డం తుమ్మబంకతో అతికించింది. ఆ గడ్డం వెనక ఉన్నది ఇరవై అయిదేళ్ళ రాజకుమారుడు సుకేతుడు.

సరిగ్గా ఏడేళ్ళ కిందట, ఇదే పండుగ నాడు, మంత్రి కరాళకేశి రాజును చంపి కోట పట్టాడు. మంత్రి అంటే ఏదో లెక్కలు రాసుకునే మంత్రి కాదు, శ్మశానాల్లో పన్నెండేళ్ళు కూర్చుని విద్యలు సాధించిన మాంత్రికుడు. సుకేతుడు వేటకు వెళ్ళి బతికిపోయాడు. అతని చెల్లెలు సౌదామిని కోటలోనే ఉంది. పద్నాలుగేళ్ళ పిల్ల. వాడు ఆ పిల్లను ద్రాక్షగింజగా మార్చి, కిటికీ దగ్గర వాలిన పిచ్చుకల గుంపులోకి విసిరేశాడు. ఏ పిచ్చుక మింగిందో, ఏ నేలమీద వదిలిందో వాడికీ తెలియదు. ఎవరికీ తెలియదన్నదే వాడి ధీమా.

ఆరేళ్ళకు పైగా సుకేతుడు అడవులు పట్టి తిరిగాడు. చివరికి కోతిగుట్ట గుహలో ఉంటున్న అసలు శంఖపాలుడు అతనికి దారి చెప్పాడు.

"మనిషి తీగ అయినా తలపులు ఎక్కడికీ పోవు నాయనా. ఏటేటా పండులోకి దిగుతాయి. పరాయి నాలుకకు అది ద్రాక్షరసం. తోడబుట్టినవాడి నాలుకకు చెల్లెలు. ఆ తీగ మొదట్లో నీ రక్తం బొట్టు పడితే మళ్ళీ మనిషవుతుంది. కానీ ఈ ఏటి కొత్తబాన నాడు పొద్దు గూకితే ఏడేళ్ళు నిండుతాయి. ఆ తర్వాత అది వట్టి కట్టె. ఈలోగా ఎవరైనా మొదలు నరికినా అంతే. నా ఉంగరం తీసుకుపో, నా తలపాగా తీసుకుపో. ఒక్కరోజు నువ్వే రుచిదొరవి."

ఒక్కరోజు. ఆ ఒక్కరోజూ తెల్లవారిపోయింది.

కరాళకేశి మాత్రం తక్కువ తిన్నవాడా! పల్లకి బొంగుకు వెండి పంజరం వేలాడదీయించాడు. అందులో ఒక నల్ల గోరువంక. చూసినదంతా సాయంత్రానికి అక్షరం పొల్లుపోకుండా అప్పగించే పిట్ట అది. పక్కన గుర్రం మీద కాపలాకు భైరినాయకుడు. సీమ పొలిమేర కనుమలో మరో రెండువందల మంది రౌతులు. గడువు తీరే ఈ రోజున సుకేతుడు ఏ వేషంలోనైనా చెల్లెల్ని వెతుక్కుంటూ వస్తాడని వాడి అనుమానం. రుచిదొర ఏ తీగ దగ్గర కంట తడిపెడతాడో చూడమని పిట్టకు ఆజ్ఞ. కాబట్టి సుకేతుడు ఏడవకూడదు. అది చెప్పినంత తేలికా? మీరే చెప్పండి.

మొదటి ఊరు బొమ్మలకోన. ఊరిపెద్ద కొండప్ప ఎదురొచ్చి పల్లకి కాళ్ళకు నీళ్ళు పోశాడు.

"రాండి దొరా, రాండి. పోయినేడు మా కోనంతా ఉమ్మేసినారు మీరు. ఈయేడన్నా మా ముకం సూడండి!"

తీగసీమ కట్టుబాటు చిత్రమైనది. రుచిదొర గుక్క నోట్లో పోసుకుని, పుక్కిలించి, ఉమ్మి, "అంగడికి" అంటే ఆ బాన అమ్ముకోవచ్చు. ఉమ్మి, గుమ్మంలో గంట మూడుసార్లు మోగేలోగా మాట్లాడకపోతే అది పనికిరాదని లెక్క. ఆ బానను అక్కడే బోర్లించాలి. ఇక ఉమ్మకుండా మింగాడా, ఆ ఇంటికి పండుగే పండుగ. అది రాజతీగ. దాన్ని మొదలంటా నరికి, మేళతాళాలతో కోటకు తీసుకెళ్ళి రాజుగారి తోటలో నాటుతారు. మిగిలిన మోడు మళ్ళీ చిగురిస్తుందని వాళ్ళ నమ్మకం. కొన్ని చిగురిస్తాయి, కొన్ని చావవూ బతకవూ. ఆ సంగతి ఎవరూ మాట్లాడుకోరు.

కొండప్ప బాన మూత విప్పి దొప్పనిండా ముంచి ఇచ్చాడు. సుకేతుడు నోట్లో పోసుకున్నాడు. తియ్యగా ఉంది, చల్లగా ఉంది, నాలుక చివర కాస్త వగరుగా ఉంది. చెల్లెలు మాత్రం లేదు. ఇది కాదు, ఇది కాదు అనుకుంటూ ఆ పరధ్యానంలో గుటుక్కున మింగేశాడు.

"మింగినాడు! దొర మింగినాడు!"

డప్పులు మోగాయి. ఆడవాళ్ళు అక్షతలు చల్లారు. కొండప్ప కన్నీళ్ళు తుడుచుకుంటూ గొడ్డలి తెచ్చాడు. ఒకటి, రెండు, మూడు దెబ్బలు. మూడుతరాల తీగ కూలింది. నరికినచోటునుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కారి ఎర్రమట్టిలో ఇంకాయి.

"తీగ ఏడుస్తాంది దొరా. మంచి శకునం," అన్నాడు కొండప్ప సంతోషంగా.

సుకేతుడు ఆ తడిసిన మట్టినే చూస్తున్నాడు. ఇదే తన చెల్లెలు అయివుంటే? ఒక్క గుటక! ఒక్క గుటకతో తోడబుట్టినదాన్ని చంపి, అక్షతలు వేయించుకునేవాడు. ఇక చచ్చినా మింగకూడదని ఒట్టు పెట్టుకుని పల్లకి ఎక్కాడు.

ఊరి తర్వాత ఊరు. బాన తర్వాత బాన. ఒకచోట మిరియాల ఘాటు, ఒకచోట తేనె, ఒకచోట వానకు తడిసిన మట్టి. ఉమ్ము, "అంగడికి". ఉమ్ము, "అంగడికి". ప్రతి గుమ్మంలోనూ పీటలు వేశారు, కాళ్ళు కడిగారు, వేయించిన శనగలు పెట్టారు. ప్రతి గుమ్మంలోనూ ఆశ లేచి కూలబడింది. భైరినాయకుడు మాత్రం ఏ దొప్పా వదల్లేదు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి గుర్రం మీద అటూ ఇటూ ఊగుతూ గోరువంకకు జోలపాడుతున్నాడు.

నాలుగో ఊరు ఏటిగడ్డ. అక్కడ పండ్లు తొక్కే తొట్లు నేలలో నిలువెత్తు లోతున ఉంటాయి. పులుస్తున్న పండులోంచి కంటికి కనబడని ఆవిరి లేచి అడుగున నిలుస్తుంది. దిగేముందు తాడుకు దీపం కట్టి వదులుతారు. దీపం ఆరితే ఎవరూ దిగరు. తరతరాల అలవాటది. కానీ ఆ రోజు ఎర్రన్న అనే రైతు, దొర గుమ్మంలో నిలబడి ఉంటే దీపం ముట్టించుకుంటూ కూర్చుంటామా అని, ఆత్రంగా నిచ్చెన దిగాడు. దిగినవాడు మళ్ళీ పలకలేదు.

"అయ్యో, నా మొగుడు! ఎవురన్నా దిగండయ్యో!" ఎర్రన్న పెళ్ళాం గుండెలు బాదుకుంది.

ఎవరు దిగుతారు? దిగినవాడూ చస్తాడని అందరికీ తెలుసు. సుకేతుడు ఒక్క క్షణం ఆలోచించాడు. ముసలి రుచిదొర తొట్టిలోకి దూకడు, దూకితే గుట్టు రట్టవుతుంది. ఆ క్షణం కాస్తా గడిచింది. ఇక ఆలోచించలేదు. తలపాగా విప్పి నడుముకు చుట్టి, ఆ కొస నలుగురి చేతికిచ్చి, ఊపిరి బిగబట్టి దూకాడు. చీకటి. కాళ్ళకింద జారుడు గుజ్జు. చెవుల్లో హోరు. చేతికి ఒక జుట్టు తగిలింది, ఆ వెనక భుజం. ఎర్రన్నను చంకల కింద పట్టుకుని తలపాగా లాగాడు. పైనున్నవాళ్ళు ఏలో అంటూ గుంజారు. గట్టు మీద పడ్డాక చూస్తే ఎర్రన్న దగ్గుతున్నాడు. సుకేతుడి గడ్డం మాత్రం ఒక చెంపనుంచి ఊడి వేలాడుతోంది.

"గడ్డం ఊడింది! గడ్డం ఊడింది!" పంజరంలోంచి గోరువంక గొంతు చించుకుంది.

సుకేతుడు చప్పున బోర్లా పడుకుని, ద్రాక్షగుజ్జు గుప్పెట్లోకి తీసుకుని గడ్డాన్ని చెంపకు అదుముకున్నాడు. భైరినాయకుడు గుర్రం దిగబోయి కింద పడి, అక్కడినుంచే పిట్టను గదమాయించాడు.

"నోర్ముయ్యవే! ముసలాయన ప్రాణానికి తెగించి మనిషిని తీస్తే, గడ్డం గోల నీకెందుకే?"

తాగినవాడి మంచితనం అప్పుడప్పుడు ఇలా అక్కరకొస్తుంది. కానీ పిట్ట చూసేసింది. ఈ కబురు సాయంత్రానికి కోటకు చేరుతుంది. సుకేతుడు తలెత్తి సూర్యుణ్ణి చూశాడు. పొద్దు వాలుతోంది.

ఎర్రన్న పెళ్ళాం వచ్చి అతని కాళ్ళమీద పడింది. "నా పసుపు కుంకం నిలబెట్టినావు సామీ!"

"లే తల్లీ. ఇంకా ఎన్ని ఊళ్ళున్నాయి?"

"ఏటికవతల చినుకుపల్లె ఒకటే సామీ. ఆడేముందిలే, పట్టుమని పది ఇండ్లు. సుంకులవ్వ అని ఒక ముసల్ది ఉండాది. కూతురు చచ్చిపోయినాక ఆ పిల్లను పూడ్చినకాడే ఒక తీగ మొలిచిందంట. దానికి ఓబులి అని కూతురి పేరే పెట్టుకోని, పొద్దుమానం దాంతో మాట్లాడతా ఉంటాది. పిచ్చిది పాపం."

సుకేతుడు చప్పున లేచి కూర్చున్నాడు. "ఎన్నేళ్ళయింది మొలిచి?"

"ఆరో, ఏడో. ఎవురు లెక్కబెట్టినారు సామీ?"

ఏరు నిండుగా పారుతోంది. దాటడానికి తోలు పుట్టి ఒక్కటే ఉంది. బోయీలు జంకారు. సుకేతుడు తెడ్డు తానే లాక్కున్నాడు. నడి ఏట్లో సుడి పట్టింది. పుట్టి గిర్రున తిరిగింది, ఒకటికి రెండుసార్లు కొండ కిందికి, నీళ్ళు పైకి వచ్చాయి. తెడ్డు విరిగింది. అతను విరిగిన ముక్కతోనే బండను పొడిచి పుట్టిని సుడి అంచుకు తోశాడు. వెనకనే ఈదుకొస్తున్న భైరినాయకుడి గుర్రం తోక పట్టుకుని, అందరూ ఎలాగో గట్టున పడ్డారు. పల్లకి పోయింది. దిక్కుమాలిన పంజరం మాత్రం పోలేదు.

సుంకులవ్వ గుమ్మం ముందు అప్పటికే ఊరంతా చేరింది. అవ్వ చిన్న మనిషి, నడుము వంగిపోయింది, తలలో ఒక బంతిపువ్వు పెట్టుకుంది. ఏడేళ్ళలో రుచిదొర ఆ గుమ్మం తొక్కడం ఇదే మొదటిసారి. ఏటా పల్లకి ఏటిగడ్డనుంచే వెనక్కి తిరిగిపోయేది.

"వచ్చినావా సామీ! రా, కూసో. ఇదో, ఇదే నా బిడ్డ." పెరట్లో, రాతికూసం మీద, మనిషి మణికట్టంత సన్నని తీగ. "బియ్యం కడిగిన నీళ్ళు పోసి పెంచినా. సలికాలం గోనెపట్ట కప్పుతా. అందురూ నవ్వుతారు, నవ్వనీలే. ఈపొద్దు నీ నోటితో నువ్వు చెప్పు సామీ, నా బిడ్డ ఎట్లాంటిదో."

భైరినాయకుడు పంజరాన్ని పందిరికి తగిలించాడు. గోరువంక మెడ వంచి, ఒంటికన్నుతో రుచిదొర మొహాన్నే చూస్తోంది.

అవ్వ దొప్ప ముంచి అందించింది. సుకేతుడు నోట్లో పోసుకున్నాడు.

పచ్చిమామిడి ముక్క. ఉప్పు, కారం. నాలుక మీద జ్వరపు చేదు. చీకటి గది, తడిగుడ్డ వేసిన నుదురు. పడుకున్న మంచం మీదనుంచి పైకి చూస్తే ఒక కుర్రవాడి మొహం, చెమట పట్టి, కళ్ళు పెద్దవి చేసుకుని, రాజవైద్యుడు చూస్తాడేమోనని తలుపువైపు తిరిగి తిరిగి చూస్తూ. ఆ మొహం తనదే. పదకొండేళ్ళ తన మొహాన్ని ఏడేళ్ళ చెల్లెలి కళ్ళతో చూస్తున్నాడు. 'అన్నయ్యా, ఇంకొక్క ముక్క. ఇంకొక్కటే.' తనను ఆమె ఇంతగా నమ్మిందని, తనను చూస్తే ఆ చిన్నగుండెకు ఇంత ధైర్యంగా ఉండేదని సుకేతుడికి అప్పటివరకు తెలియదు.

మింగాలనిపించింది. ఆ ఒక్క గుక్కనూ కడుపులో దాచుకుని చచ్చిపోవాలనిపించింది. మింగితే గొడ్డలి వస్తుంది.

చెల్లెల్ని బతికించుకోవడానికి చెల్లెల్ని నేలమీద ఉమ్మేశాడు.

ఇక ఒక్క మాట మిగిలింది. "అంగడికి". ఆ మాట అంటే బాన నిలుస్తుంది, అవ్వ పరువు నిలుస్తుంది, తీగ జోలికి ఎవరూ పోరు. చీకటి పడేలోగా ఏదో వంకతో తిరిగి రావచ్చు. సుకేతుడు నోరు తెరిచాడు. మాట బయటికొస్తే దాంతోపాటు ఏడుపు వస్తుంది. పిట్ట రెప్ప వాల్చకుండా చూస్తోంది.

గంట ఒకటి కొట్టారు.

"ఏమంటావు పెద్దయ్యా?" అన్నాడు భైరినాయకుడు.

గంట రెండు కొట్టారు. సుకేతుడు పళ్ళు బిగించాడు. పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు.

"ఇంకో గుక్క తాగి సూడు సామీ," అంది అవ్వ చాలా మెల్లగా. "పొద్దున్నించీ ఊర్లు తిరిగి నీ నాలుక మొద్దుబారిందేమో. నా బిడ్డ బాగుంటాది సామీ. ఒట్టు."

గంట మూడో మోత మోగింది.

కట్టుబాటు కట్టుబాటే. ఇద్దరు మగవాళ్ళు వచ్చి, తలలు వంచుకునే, బానను తవ్వి తీసి బోర్లించారు. ఎర్రని ఆసవం ఎర్రమట్టిలో పడి, నురగ కట్టి, చూస్తూ ఉండగానే ఇంకిపోయింది. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. "బిడ్డంట, బిడ్డ!" అవ్వ ఏడవలేదు. తలలోని బంతిపువ్వు తీసి కొంగులో కట్టుకుంది, అంతే.

సుకేతుడు రాజపుత్రుడై పుట్టి, యుద్ధాలు చూసి, తండ్రి చావు కబురు విని కూడా ఎన్నడూ అంత సిగ్గుపడలేదు.

జనం పలచబడ్డారు. ఊరి చివర చింతతోపు దాకా నడిచి, దాహమంటూ అతను ఆగిపోయాడు. భైరినాయకుడు చెట్టుకు చేరగిలబడ్డాడు. పొద్దు బారెడుంది. సుకేతుడు వెనక్కి తిరిగి, ద్రాక్షవరసల మధ్య వంగి పరుగెత్తాడు.

"ఎక్కడికి? ఎక్కడికి?" గోరువంక అరిచింది. ఆ అరుపుకు భైరినాయకుడి మత్తు సగం దిగింది. పంజరం అందుకుని గుర్రమెక్కాడు.

సుకేతుడు గోడ దూకి అవ్వ పెరట్లో పడేసరికి ఆమె తీగ మొదట్లో కూర్చుని ఉంది. చేతిలో పెద్ద కొడవలి. ఎడమచేత్తో తీగను నిమురుతూ మాట్లాడుతోంది.

"రేపటినించీ నిన్ను సూసి నవ్వుతారమ్మీ. పొయ్యేవాడూ వచ్చేవాడూ నవ్వుతాడు. నేనున్నన్నాళ్ళూ సరే, నేను పొయినాక నిన్నెవురు కప్పుతారు? నిన్ను నవ్వులపాలు చెయ్యను తల్లీ. నేను పెంచినా, నేనే తీస్తా. నొప్పి తెలీకుండా ఒక్క ఏటు."

కొడవలి లేచింది.

"అవ్వా! వద్దు!"

పిలుపు చేరేలోగా చేయి చేరింది. అంచు మొదలుకు తగిలే చోట సుకేతుడు తన కుడిచేయి అడ్డం పెట్టాడు. అరచెయ్యి ఎముకదాకా తెగింది. రక్తం ధారగా తీగ మొదట్లో పడింది.

పెరడంతా ఒక్కసారి గాలి ఆగింది. ఆకులు తమంతట తాము రాలాయి. నులితీగలు కూసాన్ని వదిలి వేళ్ళయ్యాయి, బెరడు విచ్చి చర్మమైంది, మొదలు చీలి పాదాలైంది. ఆకుపచ్చని వెలుగు ఒకటి కళ్ళు చెదిరేలా మెరిసి ఆరింది. ఎర్రమట్టిలో మోకాళ్ళమీద కూర్చుని ఇరవై ఒక్కేళ్ళ యువతి చలికి వణుకుతోంది. అవ్వ గోనెపట్ట తెచ్చి కప్పింది. అలవాటైన చేతులు, అదే పని చేశాయి.

ఆ పిల్ల కళ్ళు తెరిచింది. "అమ్మా!" అంటూ సుంకులవ్వ మెడ చుట్టూ చేతులు వేసింది.

సుకేతుడు గడ్డం పీకి పారేశాడు. "దామినీ!"

ఎవరిని పిలుస్తున్నాడా అన్నట్టు ఆమె వెనక్కి తిరిగి చూసింది. వెనక గోడ తప్ప ఎవరూ లేరు.

అప్పుడర్థమైంది రాజకుమారుడికి. తలపులన్నీ పండులోకి దిగుతాయని శంఖపాలుడు చెప్పాడు. పండు కోశాక అవి ఎక్కడికి పోతాయో ఆయనా చెప్పలేదు, తానూ అడగలేదు. అమ్మ, నాన్న, కోట, కోటలో పేరు పెట్టి పిలిచిన పిల్లులు, అన్నీ ఆరు పంటల్లో ఈ సీమవాళ్ళ పెళ్ళిళ్ళలో ఖర్చయిపోయాయి. అన్నయ్య ఒక్కడు ఈ ఏటి దాకా మిగిలాడు. ఆ అన్నయ్యలో ఒక గుక్కను తానే ఉమ్మాడు. మిగతాది తాను మాట్లాడలేక నేలపాలు చేశాడు. ఏడేళ్ళుగా ఆమె విన్న గొంతు అవ్వది ఒక్కటే, ఆమెకు మిగిలింది ఆ గొంతే.

"దొరికింది! దొరికింది!" గోరువంక కేక.

గోడమీదుగా భైరినాయకుడు నోరు వెళ్ళబెట్టి చూస్తున్నాడు. చేతిలోని పంజరం జారి, రాయికి తగిలి పగిలింది. గోరువంక నిట్టనిలువుగా ఎగిరి, ఆకాశంలో ఫెళ్ళున చిట్లి నల్లటి పొగ అయింది. ఆ పొగలోంచి కరాళకేశి నవ్వు సీమంతా వినబడింది. కనుమవైపు కొమ్ముబూర పలికింది. భైరినాయకుడు గుర్రాన్నీ రాజభక్తినీ అక్కడే వదిలేసి తీగల్లోకి పరుగు తీశాడు.

సుకేతుడు గుర్రాన్ని పట్టుకొచ్చాడు. "ఎక్కమ్మా. వాళ్ళు నిన్ను చంపడానికే వస్తున్నారు."

"పరాయివాళ్ళ గుర్రం నేనెక్కను," అందా పిల్ల తల ఎగరేసి.

అంత దుఃఖంలోనూ సుకేతుడికి నవ్వొచ్చింది. ఈ మొండితనం మాత్రం ఏ బానలోకీ దిగలేదు, ఇది అచ్చంగా దామినిదే. అతను అవ్వవైపు తిరిగాడు.

"అవ్వా, ముందు నువ్వెక్కు. కోతిగుట్ట గుహలో శంఖపాలుడని ఒక పెద్దాయన ఉన్నాడు. ఈ ఉంగరం చూపించు. మళ్ళీ నేను వచ్చేదాకా నీ బిడ్డను వదలకు."

"నువ్వు రావా సామీ?"

"గుర్రం ఇద్దరినే మోస్తుంది."

అవ్వ అతని మొహంలోకి చూసింది. ముసలి గడ్డం కింద ఇంత చిన్నవాడు ఎక్కణ్ణుంచి వచ్చాడో ఆమెకు అంతుబట్టలేదు. అడిగే వ్యవధీ లేదు. కొంగు చింపి అతని చేతికి కట్టు కట్టింది. సుకేతుడు ఆమెను ఎత్తి జీను మీద కూర్చోబెట్టాడు. అవ్వ ఎక్కాక పిల్ల మారుమాట్లాడకుండా వెనకెక్కి ఆమె నడుము పట్టుకుంది. అతను గుర్రం డొక్కలో చరిచాడు.

గుర్రం కొండదారి పట్టింది. గిట్టల చప్పుడులోంచి ఆ పిల్ల గొంతు అతనికి వినిపించింది.

"ఆయనెవరమ్మా?"

"తెలీదు తల్లీ. నిన్ను ఉమ్మేసి పాయ, మళ్ళా ఉరుకొచ్చి చెయ్యి కోసుకునె. ఏం మనిషో ఏమో!"

సుకేతుడు అవ్వ కొడవలిని ఎడమచేతిలోకి తీసుకుని, సందు మొగలో అడ్డంగా నిలబడ్డాడు. రౌతుల మొదటి గుర్రం మలుపు తిరిగింది.